ఎఫ్40 కొనాలా, ఎల్‌ఎఫ్‌ఏ కొనాలా: ఒక్క కిలోమీటరు తేడా ఉన్న రెండు కార్ల కథ

ఫెరారి ఎఫ్40 గరిష్ఠ వేగం గంటకు 324 కిలోమీటర్లు. లెక్సస్ ఎల్‌ఎఫ్‌ఏది 325. మొదటిది 1987లో ఇటలీలో జనం ముందుకొచ్చింది, రెండోది 2009లో జపాన్‌లో. ఇరవై రెండేళ్లకి పెరిగింది ఒక్క కిలోమీటరు. ఈ ముక్క చెప్తే చాలామంది "అయితే రెండూ ఒకటేగా" అంటారు. కాదు. స్పీడోమీటరు చివరి అంకె తప్ప ఈ రెండు కార్లకీ కలిసే విషయం దాదాపు ఏదీ లేదు.

ఈ రెండింటి మీద ఇంత ఆలోచించడానికి కారణం ఇంజనీరింగ్‌లో నా రూమ్మేట్. హాస్టల్ గోడకి అన్నం మెతుకులతో ఎఫ్40 పోస్టరు అంటించినవాడు. ఇప్పుడు డల్లాస్‌లో ఉంటాడు. పోయినేడాది తన కంపెనీ అమ్మేశాడు. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి, "ఒరేయ్, పోస్టర్ కారు కొందామనుకుంటున్నా. కానీ ఎల్‌ఎఫ్‌ఏ సౌండు విన్నప్పటి నుంచి నిద్ర పట్టట్లేదు. ఏది కొనమంటావు?" అన్నాడు. ఇలాంటి టెన్షన్ అందరికీ రావాలి అనుకున్నాను. వాడికి చెప్పిందీ, చెప్పాక తట్టిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. కొనే స్తోమత ఉన్నవాళ్లకి పనికొస్తుంది, మనలాంటివాళ్లకి కాలక్షేపం.

ముందు ఎఫ్40 సంగతి. దీన్ని తయారు చేయడానికి ఫెరారికి పట్టిన సమయం పదమూడు నెలలు. 1986 జూన్‌లో పని మొదలైంది, 1987 జూలై 21న కంపెనీ సొంతూరు మారనెల్లోలో ముసుగు తీశారు. అంత తొందరకి రెండు కారణాలు. ఒకటి, కంపెనీకి నలభై ఏళ్లు నిండుతున్నాయి. పేరులో ఉన్న నలభై అదే. రెండోది, కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారి వయసు. అప్పటికి ఆయనకి 89. తన చేతుల మీదుగా ఇంకొక్క కారు బయటికి రావాలని ఆయన కోరిక. వచ్చింది. మరుసటి ఏడాది ఆగస్టులో ఆయన పోయారు. ఆయన ఆమోదించిన చివరి కారుగా ఎఫ్40కి ఉన్న గౌరవం అందుకే. ఈ రోజు దాని ధరలో కొంత భాగం ఆ గౌరవానిదే.

పదమూడు నెలల్లో కారు పుట్టడం గాల్లోంచి జరగదు. ఫెరారి అంతకుముందు 288 జీటీఓ అనే కారుని గ్రూప్ బి అనే రేసు విభాగం కోసం ఇంకా పదును పెట్టే పనిలో ఉంది. వరుస ప్రమాదాలు, చావుల తర్వాత 1986లో ఆ గ్రూప్ బినే రద్దు చేశారు. పోటీ లేని పోటీ కార్లు మిగిలాయి. వాటిని ఆధారం చేసుకుని ఇంజనీరు నికోలా మాతెరాజ్జి బృందం రోడ్డు కారు తయారు చేసింది. అంటే ఎఫ్40 అసలు రోడ్డు కారుగా మొదలైంది కాదు. రేసు కారుకి నంబరు ప్లేటు పెట్టినట్టు ఉంటుంది. ఇది విమర్శ కాదు, కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

తలుపు తీస్తే అర్థమవుతుంది. తలుపుకి లోపలి వైపు హ్యాండిల్ ఉండదు. ఒక తాడు ఉంటుంది. అది లాగితే గడియ ఊడుతుంది. మొదట్లో వచ్చిన కార్లలో కిటికీకి గాజు కూడా ఉండదు. పాత ఆర్టీసీ బస్సు అద్దంలా పక్కకి జరిపే ప్లాస్టిక్ పలక ఉంటుంది. తర్వాతి కార్లకి చేత్తో తిప్పే అద్దాలు పెట్టారు. కింద కార్పెట్ లేదు. రేడియో లేదు. గడపల దగ్గర కార్బన్, కెవ్లార్ అనే గట్టి నారలు కలిపి అల్లిన పలకలు బట్ట నేతలా బయటికే కనపడుతుంటాయి, వాటిని అతికించిన జిగురు గీతలతో సహా. ఒంటి మీద ఎర్ర రంగు కూడా బరువు పెరగకూడదని పలచగా పూశారు. వెలుగు ఏటవాలుగా పడితే రంగు కింద నేత గళ్లు కనిపిస్తాయి. కొనేటప్పుడు ఇది బాగా పనికొచ్చే గుర్తు: నేత కనపడకుండా నున్నగా, దళసరిగా రంగు మెరుస్తుంటే ఆ కారుకి ఎప్పుడో మళ్లీ రంగు వేశారని అనుమానించాలి. ఎందుకు వేశారో అడగాలి.

ఇప్పుడు ఎల్‌ఎఫ్‌ఏ. దీని పని 2000లో మొదలైంది. అమ్మకానికి మొదటి కారు బయటికొచ్చింది 2010 డిసెంబరులో. మధ్యలో పదేళ్లు. ఇటలీవాళ్లు పదమూడు నెలల్లో చేసిన పనికి జపాన్‌వాళ్లకి పదేళ్లు ఎందుకు పట్టింది? ఎందుకంటే సగం దూరం వచ్చాక వెనక్కి తిరిగారు. మొదట కారు బాడీ అల్యూమినియంతో అనుకున్నారు. ఆ లెక్కనే ప్రోటోటైపులు తిరిగాయి, 2005లో డెట్రాయిట్ షోలో కాన్సెప్టు కూడా చూపించారు. అప్పుడు చీఫ్ ఇంజనీరు హరుహికో తనహాషి అల్యూమినియం పక్కన పెట్టి కార్బన్ ఫైబర్‌కి మారదామన్నారు. వంద కిలోల బరువు తగ్గుతుంది కాబట్టి. అంతవరకూ చేసిన బాడీ పని పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టారు. మన దగ్గర ఏ ఆఫీసులోనైనా సగం ప్రాజెక్టు అయ్యాక ఇలా అంటే ఏమవుతుందో మీకు తెలుసు.

ఆ కార్బన్ బాడీని బయట కొనలేదు. సొంతంగా నేయడం నేర్చుకున్నారు. ఇక్కడ నాకు భలే ఇష్టమైన విషయం ఒకటుంది. లెక్సస్ టొయోటావాళ్లదే. ఆ టొయోటా కంపెనీ పుట్టింది కార్ల నుంచి కాదు, మగ్గాల నుంచి. సాకిచి టొయోడా ఆటోమేటిక్ మగ్గాలు తయారు చేసేవారు. ఆ కంపెనీలో ఒక విభాగంగానే కార్ల పని మొదలైంది. డెబ్బై ఏళ్లు గడిచాక అదే వంశం ఎల్‌ఎఫ్‌ఏ కోసం మళ్లీ మగ్గం దగ్గరికి వెళ్లింది. ముందు అద్దం పక్కన ఉండే స్తంభాల కోసం కార్బన్ దారాలని గుండ్రంగా అల్లే ప్రత్యేకమైన మగ్గం కట్టారు. చుట్టూ దారపు కండెలు, మధ్యలో మెల్లగా ఒక గొట్టంలా సాగుతూ పెరిగే నల్లటి అల్లిక. పోచంపల్లిలో మగ్గం ముందు కూర్చుని చూసినవాళ్లకి ఆ వీడియో చూస్తే కారు ఫ్యాక్టరీ అనిపించదు. రెండు కార్లలోనూ బాడీలో నేత ఉంది. ఎఫ్40లో అది తొందరలో దాచకుండా వదిలేసిన నేత, ఎల్‌ఎఫ్‌ఏలో అది పనికట్టుకుని నేర్చిన నేత.

ఇంజను దగ్గరికి వస్తే దారులు పూర్తిగా విడిపోతాయి. ఎఫ్40ది 2.9 లీటర్ల వీ8, రెండు టర్బోలు (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంకాలు), 478 హార్స్‌పవర్. ఎల్‌ఎఫ్‌ఏది 4.8 లీటర్ల వీ10, టర్బో లేదు, 560 హార్స్‌పవర్. కాగితం మీద జపాన్ కారు ముందుంది. కానీ కంపెనీలు చెప్పే లెక్కలో ఎఫ్40 బరువు 1,100 కిలోలు, ఎల్‌ఎఫ్‌ఏ 1,480. టన్నుకి ఎన్ని గుర్రాలు అని లెక్కేస్తే పాత కారే గెలుస్తుంది. అయినా సున్నా నుంచి వందకి ఎల్‌ఎఫ్‌ఏ 3.7 సెకన్లలో వెళ్తుంది, ఎఫ్40కి 4 సెకన్లు దాటుతుంది. కారణం టర్బో. యాక్సిలరేటర్ తొక్కాక ఎఫ్40 ఒక క్షణం ఏమీ వినపడనట్టు ఉంటుంది. ఇంజను నిమిషానికి మూడున్నర, నాలుగు వేల చుట్లు దాటగానే రెండు టర్బోలూ ఒకేసారి లేస్తాయి, వెనక నుంచి ఎవరో తోసినట్టు కారు ముందుకి దూకుతుంది. మలుపులో ఉండగా ఆ దూకుడు వస్తే? ఆదుకోవడానికి చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ లేదు. ఏబీఎస్ లేదు. పవర్ స్టీరింగ్ లేదు. బ్రేకుకి సర్వో సాయం కూడా లేదు. కాలి బలమే బ్రేకు బలం. క్లచ్ బరువు. నూనె వేడెక్కకముందు రెండో గేరు మొండికేస్తుంది. అలవాటైనవాళ్లు కాసేపు ఒకటి నుంచి నేరుగా మూడుకి వెళ్తారు.

ఇంకో విచిత్రం. ఇటలీ గర్వంగా చెప్పుకునే ఈ ఇంజనుకి ఊపిరి పోసే టర్బోలు ఐహెచ్‌ఐ అనే జపాన్ కంపెనీవి. జపాన్ గర్వంగా చెప్పుకునే ఎల్‌ఎఫ్‌ఏని ఆపే బ్రేకులు బ్రెంబో అనే ఇటలీ కంపెనీవి. దేశాల పేరుతో గొడవపడే కార్ల అభిమానులకి ఇది చెప్పి చూడండి, కాసేపు నిశ్శబ్దం.

ఎల్‌ఎఫ్‌ఏ ఇంజను యమహాతో కలిసి చేసింది. దీని గురించి అందరూ చెప్పే ముచ్చట ఒకటుంది, అయినా నేనూ చెప్తాను. ఖాళీగా తిరుగుతున్న ఇంజను నిమిషానికి 9,000 చుట్ల రెడ్‌లైన్ (దాటకూడని హద్దు) దాకా వెళ్లడానికి పట్టే సమయం 0.6 సెకన్లు. అంత వేగానికి మామూలు ముల్లు మీటరు అందుకోలేదు. అందుకే తెర మీద బొమ్మగా కనిపించే డిజిటల్ మీటరు పెట్టారు. 2009లో అది షోకు కాదు, అవసరం. న్యూట్రల్‌లో పెట్టి ఒక్కసారి తొక్కి వదిలితే తెర మీద ముల్లు కొరడా విసిరినట్టు లేచి పడిపోతుంది. ఆ మీటరు చుట్టూ ఉండే లోహపు రింగు నిజం రింగే. మెనూ కావాలంటే బటన్ నొక్కగానే అది పక్కకి జరుగుతుంది. అది మెల్లగా జరగడం చూస్తూ కూర్చోవచ్చు. ఈ కారు తయారు చేసినవాళ్లు ఏ మట్టానికి వెళ్లారో అక్కడ తెలుస్తుంది.

సౌండు గురించి మాటల్లో చెప్పడం వంట వాసన గురించి రాయడం లాంటిది. ఎల్‌ఎఫ్‌ఏ శబ్దం సరిచేయడానికి యమహాలో సంగీత వాయిద్యాలవాళ్లు కూడా చెయ్యివేశారు. ఎఫ్40ది సంగీతం కాదు. టర్బో ఈల, గాలి వదిలే బుస, గేరు లీవరు లోహపు గాడిలో తగిలే టక్ మనే చప్పుడు. వెనక నుంచి చూస్తే మధ్యలో మూడు సైలెన్సర్ గొట్టాలు ఉంటాయి. నడి గొట్టం టర్బోలు వద్దన్న ఒత్తిడిని బయటికి వదలడానికి. చెవులకే ఓటు అయితే ఎల్‌ఎఫ్‌ఏ. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఎల్‌ఎఫ్‌ఏలో నాకు నచ్చనిది గేరుబాక్సు. ఆరు గేర్లు, ఒకే క్లచ్, కంప్యూటరు మార్చే రకం. గేరు మారడానికి 0.2 సెకన్లు. అప్పటికే వేరే కంపెనీలు రెండు క్లచ్‌ల గేరుబాక్సులు పెట్టేశాయి, అవి వెన్నలా మారేవి. లెక్సస్ కావాలనే ఒంటి క్లచ్‌కి వెళ్లింది, గేరు మారినట్టు ఒంటికి తెలియాలని. గట్టిగా నడిపేటప్పుడు బాగానే ఉంటుంది. ఊళ్లో సిగ్నళ్ల మధ్య ఆటోమేటిక్‌లో పెడితే తల ఊగుతుంది. కొత్తగా క్లచ్ నేర్చుకుంటున్న పిల్లాడి పక్కన కూర్చున్నట్టు. ట్రాఫిక్‌లో ఎక్కువ తిరిగేవాళ్లు ముందే నడిపి చూసుకోవాలి.

అయినా ఎల్‌ఎఫ్‌ఏని ఆదివారం పొద్దున్న బయటికి తీయడం తేలిక. బ్యాటరీ ఛార్జి ఉంటే చాలు, స్టార్టవుతుంది. ఏబీఎస్ ఉంది, స్టెబిలిటీ కంట్రోల్ ఉంది, సీటు బెల్టులో కూడా ఎయిర్‌బ్యాగ్ ఉంది. బరువు ముందు 48, వెనక 52 శాతంగా పంచడానికి రేడియేటర్లని తీసుకెళ్లి వెనక పెట్టారు. ఆ సమతూకం స్టీరింగ్‌లో తెలుస్తుంది. దాన్ని అలా తీర్చింది ఎక్కువగా జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో. టొయోటా ప్రధాన టెస్ట్ డ్రైవర్ హిరోము నరుసే ఏళ్ల తరబడి అక్కడ దీన్ని తిప్పారు. 2010 జూన్‌లో ఆ ట్రాక్‌కి దగ్గర్లో మామూలు రోడ్డు మీద ఎల్‌ఎఫ్‌ఏ నడుపుతుండగా జరిగిన ప్రమాదంలో ఆయన చనిపోయారు. అమ్మకానికి మొదటి కారు బయటికి రావడానికి ఆరు నెలల ముందు.

ఇక అసలు విషయం. నా రూమ్మేట్ దీని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు: కొన్నాక ఏంటి?

ఎఫ్40 గరాజులో ఊరికే నిలబడి ఉన్నా ముసలిదవుతుంది. పెట్రోలు ట్యాంకులు లోహపువి కాదు, రేసు కార్లలోలా రబ్బరు సంచులు. వాటికి ఆయుష్షు ఉంది. సుమారు పదేళ్లకోసారి మార్చాలి, కారు తిరిగినా తిరగకపోయినా. మార్చకపోతే పెట్రోలు ఎక్కడెక్కడో చెమ్మగా ఊరుతుంది. వెనకాల నిప్పులా కాగే టర్బోలు ఉన్న కారులో పెట్రోలు ఊరడమంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. టైమింగ్ బెల్టులు కిలోమీటర్లని బట్టి కాదు, సంవత్సరాలని బట్టి మార్చాలి. రబ్బరు గొట్టాలు, సీళ్లు, పాత వైరింగు, అన్నీ అదే వరస. "ఇరవై ఏళ్లలో ఐదు వేల కిలోమీటర్లే తిరిగింది సార్" అని అమ్మేవాళ్లు గొప్పగా చెప్తారు. నాకైతే అది భయపెట్టే మాట. ఏటా బయటికి తీసి, నూనె మార్చి, బిల్లులు దాచిపెట్టిన ముప్పై వేల కిలోమీటర్ల కారు దానికన్నా వెయ్యి రెట్లు నయం.

మరి ఎల్‌ఎఫ్‌ఏ? దీనికి జబ్బులు తక్కువ. టొయోటా మార్కు నమ్మకం ఇక్కడ కూడా ఉంది. కానీ తిరకాసు వేరేచోట ఉంది. మొత్తం చేసింది ఐదు వందలు. దీని భాగాల్లో చాలావాటికి ఈ కారు తప్ప లోకంలో ఇంకో వాడకం లేదు. బాడీ కార్బన్‌ది, దెబ్బ తగిలితే ఏ డెంటింగ్ షాపువాడూ సుత్తి పట్టుకుని సరిచేయలేడు. పైకి గీత మాత్రమే కనిపిస్తుంది, లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. యూరప్‌లో ఈ కారు సర్వీసు కోసం జర్మనీలోని కొలోన్‌లో టొయోటా మోటార్‌స్పోర్ట్ వర్క్‌షాపు దాకా పంపే యజమానులున్నారు. ఆ మీటరు తెర, గేరుబాక్సు నడిపే ఎలక్ట్రానిక్స్ పాడైతే టొయోటా ఇవ్వాలి, వేరే దిక్కు లేదు. ఇప్పటివరకూ కంపెనీ ఈ కార్లని తన బిడ్డల్లాగే చూసుకుంటోంది. ఇంకో పాతికేళ్లకి?

ఎఫ్40కి ఆ బెంగ తక్కువ. ముప్పై ఏళ్లకి పైగా దాన్ని విప్పి బిగిస్తున్న మెకానిక్కులు ఇటలీలో, ఇంగ్లండ్‌లో, అమెరికాలో ఉన్నారు. సంచి ట్యాంకులు కొత్తగా చేసేవాళ్లున్నారు, టర్బోలు మళ్లీ కట్టేవాళ్లున్నారు. గొట్టాలతో కట్టిన స్టీలు చట్రం, తీగలు, రబ్బరు, అల్యూమినియం. చేతిలో పనితనం, జేబులో డబ్బు ఉంటే కానిది లేదు. పైగా ఫెరారి తన క్లాసికే విభాగం ద్వారా పాత కార్లని పరీక్షించి, అసలుదేనని సర్టిఫికెట్ ఇస్తుంది. అంటే ఎఫ్40 ఎప్పుడూ నలతగా ఉండే ముసలాయన, కానీ వీధికో డాక్టరు ఉన్నాడు. ఎల్‌ఎఫ్‌ఏకి జలుబు కూడా రాదు, వస్తే మాత్రం ఉన్నది ఒకటే ఆసుపత్రి. వీటిలో ఏది మీకు నిద్ర పట్టనిస్తుందో మీరే చెప్పాలి. నా దృష్టిలో ఎంపికలో సగం ఇక్కడే తేలిపోతుంది.

డబ్బు సంగతి. ఎఫ్40 మంచి స్థితిలో ఉన్నది ఇప్పుడు 25 లక్షల డాలర్లు దాటింది. చరిత్ర బాగుండి తక్కువ తిరిగిన కారు అయితే ఇంకా పైకి. ఎల్‌ఎఫ్‌ఏ మిలియన్ డాలర్లకి అటూ ఇటూగా ఉంది. నూర్‌బర్గ్‌రింగ్ ప్యాకేజీ అని 64 కార్లు ప్రత్యేకంగా చేశారు, వాటి లెక్క వేరు, ఎక్కువ. లెక్క విచిత్రం ఏంటంటే అరుదైన కారే చవక. ఎఫ్40ని నాలుగు వందలు చేద్దామనుకుని మొదలుపెట్టి, అడిగేవాళ్లు ఆగక 1,300 పైచిలుకు చేశారు. ఎల్‌ఎఫ్‌ఏ ఐదు వందలు అన్నారు, ఐదు వందల దగ్గర ఆపేశారు. ధర నిర్ణయించేది ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎంతమంది కుర్రాళ్ల గోడల మీద ఉన్నాయన్నది. మా హాస్టల్లో ఎల్‌ఎఫ్‌ఏ పోస్టరు ఉండే అవకాశం లేదు, అప్పటికి అది పుట్టలేదు. దాన్ని వీడియో గేముల్లో నడిపి పెరిగిన పిల్లలు ఇప్పుడిప్పుడే సంపాదనలోకి వస్తున్నారు. వాళ్ల చేతికి పెద్ద డబ్బు వచ్చాక ఏ కారు వెనక పడతారో ఊహించడం కష్టం కాదు.

అలాగని ధరలు ఎప్పుడూ పైకే వెళ్తాయని నమ్మకండి. 1990 ప్రాంతంలో ఎఫ్40 ధరలు కొత్త కారు ధరని దాటి ఆకాశానికెళ్లాయి. ఆ తర్వాత కొన్నేళ్లకే నేలకి వచ్చాయి. పైన కొన్నవాళ్లు చాలాకాలం ఏడ్చారు. ఎల్‌ఎఫ్‌ఏ కథ తిరగేసి ఉంది. కొత్తగా అమ్మినప్పుడు అమెరికాలో ధర 3,75,000 డాలర్లు. కొన్నవాళ్లు వెంటనే లాభానికి అమ్ముకోకుండా లెక్సస్ మొదట అక్కడ లీజు పద్ధతి పెట్టింది. అంత జాగ్రత్త పడితే, తయారీ ఆగిన ఐదేళ్లకి, 2017లో కూడా అమెరికా డీలర్ల దగ్గర డజను కొత్త కార్లు అమ్ముడుపోకుండా మిగిలాయి. లెక్సస్ బ్యాడ్జికి అంత డబ్బా అని జనం మూతి విరిచారు. ఇప్పుడు అదే జనం మూడింతలు పెట్టి వెతుకుతున్నారు.

మన ఊళ్లో పెట్టుకోవాలనే ఆశ ఉన్నవాళ్లకి ఒక మాట. వాడిన కారుని భారత్‌కి దిగుమతి చేసుకోవడానికి మూడేళ్ల వయసు పరిమితి ఉంది. వింటేజ్ మినహాయింపుకి యాభై ఏళ్లు నిండాలి. ఎఫ్40లు దాదాపు అన్నీ ఎడమవైపు స్టీరింగే కాబట్టి రిజిస్ట్రేషన్ దగ్గర ఇంకో చిక్కు. కాబట్టి జూబ్లీహిల్స్ గరాజు కల పక్కన పెట్టండి. డల్లాస్, లండన్, దుబాయ్‌లలో ఉండేవాళ్ల మాటే ఇది. అమెరికాలో ఉంటే ఇంకో వెసులుబాటు: పాతికేళ్లు దాటిన కారు కనక యూరప్ ఎఫ్40ని కూడా తెచ్చుకోవచ్చు. ఎల్‌ఎఫ్‌ఏకి ఇంకా ఆ వయసు రాలేదు, అమెరికా కోసం చేసినదే వెతుక్కోవాలి.

చూడ్డానికి వెళ్లినప్పుడు ఎఫ్40లో మొదట అడగాల్సింది ట్యాంకు సంచులు, బెల్టులు మార్చిన బిల్లులు. మాట కాదు, కాగితం. తర్వాత చట్రం గొట్టాల్లో అతుకులు, వంకరలు ఉన్నాయేమో లిఫ్టు మీద ఎత్తించి చూడాలి. వీటిలో చాలా కార్లు ఏదో ఒక రోజు ట్రాక్ మీద గోడని ముద్దుపెట్టుకున్నవే. వెనక ఇంజను మీద ఉండే చీలికల ప్లాస్టిక్ మూతలో పగుళ్లు చూడాలి. ఆ తర్వాత సీట్లో కూర్చోవాలి. అప్పట్లో కొనేవాడి కొలతని బట్టి మూడు సైజుల్లో సీట్లు ఇచ్చేవాళ్లు. సన్నటి ఇటాలియన్ కోసం బిగించిన సీటు పండక్కి బొబ్బట్లు వదలని మన నడుముకి సరిపోకపోవచ్చు. నవ్వులాట కాదు, పాతిక లక్షల డాలర్లు పెట్టి అరగంట కూర్చోలేకపోతే ఏం లాభం? ఎల్‌ఎఫ్‌ఏలో అయితే బాడీ కింద, అంచుల్లో కార్బన్‌ని తెలిసినవాళ్ల చేత పరీక్ష చేయించాలి. కార్బన్ సెరామిక్ బ్రేకు డిస్కుల మందం కొలిపించాలి, కొత్తవాటి బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. క్లచ్ ఎంత అరిగిందో, లెక్సస్‌లో సర్వీసు రికార్డు పూర్తిగా ఉందో చూడాలి. ఇంజను మీద దాన్ని బిగించిన పనివాడి సంతకం పలక ఉంటుంది. అది ఫోటో తీసుకోండి, ఊరికే.

మావాడికి నేనేం చెప్పానంటారా? వాడి మోకాలికి రెండేళ్ల కింద ఆపరేషన్ అయింది. ఎఫ్40 క్లచ్ వాడికి శిక్ష. డల్లాస్ ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు. పైగా వాడు కారు నడిపే రకం, తుడిచి చూసుకునే రకం కాదు. నెలకి నాలుగు ఆదివారాలు బయటికి తీస్తాడు, పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకుంటాడు. కాబట్టి ఎల్‌ఎఫ్‌ఏ తీసుకోరా అన్నాను. మిగిలిన పదిహేను లక్షల డాలర్ల వడ్డీతో బ్రేకులు, క్లచ్‌లు జీవితాంతం మార్చుకోవచ్చు. మోకాళ్లు బాగుండి, ఓపిక ఉండి, మంచి మెకానిక్ గంట దూరంలో ఉండి, కారు తనని ఆటపట్టించినా సరదాగా తీసుకునే మనిషి అయితే ఎఫ్40 అనేవాణ్ణి. నిజానికి నన్నడిగితే నాకు ఎఫ్40 కావాలి. గోడ మీద పోస్టరు అంటించిన మెతుకుల్లో సగం నా కంచంలోవే.

వాడు ఇంకా తేల్చుకోలేదు. పోయిన వారం ఒక ఎఫ్40 చూడ్డానికి వెళ్లి, వీడియో కాల్‌లో లోపలంతా చూపించాడు. తలుపు తాడు లాగి వదిలి, లాగి వదిలి, చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. ఇంతలో వెనక నుంచి వాళ్లావిడ ఫోన్ లాక్కుని అడిగింది: "అన్నయ్యా, రేడియో లేదు, కార్పెట్ లేదు, తలుపుకి హ్యాండిల్ కూడా లేదు. కనీసం ఏసీ అయినా ఉందా?"

ఉందమ్మా అన్నాను. అదొక్కటీ ఉంది.